అట్ట మీద ‘ఆచార్య’

ఈ వారం ఉత్తరం ఒక విశ్వవిద్యాలయంలో చరిత్ర పాఠాలు చెప్పే సోదరిది. పేరూ ఊరూ వద్దన్నారు. నాలుగు పేజీలు రాశారు. అందులో విషయం ఇది.

ఆవిడకు 41 ఏళ్లు. పీహెచ్‌డీ పూర్తయింది. 11 ఏళ్లుగా ఒకేచోట కాంట్రాక్టు మీద పనిచేస్తున్నారు. నియామక పత్రంలో ‘అసిస్టెంట్ ప్రొఫెసర్, కాంట్రాక్టు’ అని ఉంటుంది. ఏటా వేసవిలో కాంట్రాక్టు ముగుస్తుంది, కొత్త ఉత్తర్వు చేతికొచ్చాక మళ్లీ క్లాసులోకి వెళ్తారు. చెరువుల చరిత్ర మీద చేసిన పరిశోధనను మామూలు పాఠకుల కోసం తిరగరాసి పుస్తకంగా వేయించుకున్నారు. ప్రచురణకర్త తనంతట తానే అట్ట మీద పేరుకు ముందు ‘ఆచార్య’ అని చేర్చారు. లోపలి పేజీల ప్రూఫులు మూడుసార్లు దిద్దిన ఈవిడ, అట్ట ప్రూఫు అడగనేలేదు. 500 కాపీలు అచ్చయి ఇంటికొచ్చాయి.

సంబరంగా అట్ట ఫొటో తీసి డిపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అరగంటలో ఒక సీనియర్ ప్రొఫెసర్ నుంచి జవాబు: “ఉత్తర్వులు ఎప్పుడొచ్చాయమ్మా? మాకు స్వీట్లు లేవా?” కింద వరసగా నవ్వు బొమ్మలు. ఆ ప్రొఫెసర్ గారే వచ్చే నెల ఆవిష్కరణ సభకు అధ్యక్షులు. ఈవిడ ఆ రాత్రే గ్రూపులోంచి బయటికొచ్చేశారు.

“మావారు, జనం గౌరవంగా అన్న మాటని మనం కాదనడమేమిటి, ఊరుకో అంటారు. మా అమ్మ పదేళ్లుగా ఊళ్లో అందరికీ మా అమ్మాయి ప్రొఫెసరని చెప్పుకుంటోంది. ఒక్కసారి కూడా నేను దిద్దలేదు. ఇది అబద్ధమేనా? పుస్తకం ఏం చేయాలి? అమ్మకి ఏమని చెప్పాలి? ఇంకో సంగతి, రెండో ముద్రణలో ‘ఆచార్యిణి’ అని వేద్దామా అని ప్రచురణకర్త అడుగుతున్నారు. అసలు ఆడవాళ్లని ఏమనాలి?” ఇవీ ఆవిడ ప్రశ్నలు.

అమ్మా, మీ ఉత్తరంలో మూడో పేజీ చివర, కొట్టేసి మళ్లీ రాసిన వాక్యం ఒకటుంది: “ఫొటో పెట్టేటప్పుడే ఆ మాట కనబడింది. కనబడినా పెట్టాను.” మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ప్రొఫెసర్ గారి వెటకారం కాదు, ఈ వాక్యమేనని నాకు అనిపించింది. కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

పదకొండేళ్లుగా పాఠం చెబుతున్న మనిషికి, తన పేరు పక్కన ఆ మాట అచ్చులో కనబడితే ఒక్క నిమిషం కళ్లు అక్కడే ఆగిపోతాయి. అలా ఆగడం నేరం కాదు. మీరు ఆ మాట వేయించలేదు. వేసినదాన్ని చూసి, ఒక్క పూట ఉండనిద్దామనుకున్నారు. దీన్ని అబద్ధం అనను. ముచ్చట అంటాను. కాకపోతే ముచ్చటను గ్రూపులో పెట్టారు కాబట్టి అది ఇప్పుడు మీ ఒక్కరిదీ కాకుండా పోయింది. చిక్కంతా అక్కడుంది.

ఇక ఆ మాట సంగతి. అది ఒక్క మాట కాదు. మూడు మాటలు ఒకే చొక్కా వేసుకుని తిరుగుతున్నాయి.

మొదటిది పాతది. వేదంలోని మాటలకు అర్థాలు చెప్పే పాత గ్రంథం నిరుక్తం. అందులో యాస్కుడు ‘ఆచార్యుడు అని ఎందుకంటారు’ అని తనే ప్రశ్న వేసుకుని మూడు జవాబులు చెప్పాడు: ఆచారాన్ని పట్టిస్తాడు కాబట్టి, అర్థాలను పోగుచేస్తాడు కాబట్టి, బుద్ధిని పోగుచేస్తాడు కాబట్టి. మూడింటిలోనూ ఉద్యోగం ఊసు లేదు. మనుస్మృతి రెండో అధ్యాయం ఇంకా తమాషాగా ఉంటుంది. ఉపనయనం చేసి వేదం మొత్తం రహస్యాలతో సహా చెప్పేవాడు ఆచార్యుడు. వేదంలో ఒక భాగమో, వేదాంగాలో బతుకుతెరువు కోసం చెప్పేవాడు ఉపాధ్యాయుడు. పదిమంది ఉపాధ్యాయుల కంటే ఒక ఆచార్యుడు ఎక్కువట. ఈ లెక్కన ఒకటో తారీఖున జీతం తీసుకునే మేమంతా, మీకు స్వీట్లు అడిగినాయనతో సహా, ఉపాధ్యాయులమే. ఈ సంగతి ఆయనకు చెప్పమని కాదు. మీరు మనసులో ఉంచుకోండి, సభలో ఎదురైనప్పుడు కాస్త నవ్వుమొహం పెట్టడానికి పనికొస్తుంది.

రెండోది పదవి పేరు. విశ్వవిద్యాలయాలు తెలుగులో బోర్డులు రాయాల్సి వచ్చినప్పుడు ప్రొఫెసర్‌కి ఆచార్యులు, అసోసియేట్ ప్రొఫెసర్‌కి సహాచార్యులు, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి సహాయాచార్యులు అని పెట్టుకున్నాయి. చివరి రెండింటికీ మధ్య తేడా ‘యా’ అన్న ఒక్క అక్షరం. యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) ఏడో వేతన స్కేళ్లలో ఆ అక్షరం ఉంటే మూలవేతనం 57,700 రూపాయలతో మొదలవుతుంది, లేకపోతే 1,31,400తో మొదలవుతుంది. ఆహ్వాన పత్రాలు కంపోజ్ చేసేవాళ్లకు ఈ సంగతి తెలియదు. ఒక సదస్సు పత్రంలో ఆ ‘యా’ ఎగిరిపోయి, నా సహోద్యోగి ఒకాయనకు రాత్రికి రాత్రి ప్రమోషన్ వచ్చింది. మూడు రోజులు టీ ఖర్చంతా ఆయనదే.

నా సంగతీ చెబుతాను. నేను లెక్చరర్‌గా చేరాను, రీడర్‌నయ్యాను. ఆరో వేతన సవరణ వచ్చి, యూజీసీ 2010 నిబంధనలు వచ్చి, లెక్చరర్ అన్న మాటా రీడర్ అన్న మాటా కాగితాల్లోంచి తీసేశారు. అసిస్టెంట్, అసోసియేట్, ప్రొఫెసర్ అని మూడే మిగిలాయి. ఒక మధ్యాహ్నం అటెండరు వచ్చి నా గది తలుపు మీది బోర్డు విప్పి, కొత్తది బిగించి వెళ్లాడు. లోపల కూర్చుని దిద్దుతున్న జవాబు పత్రం కట్ట అదే, చేతిలో ఎర్ర పెన్ను అదే. అప్పటివరకూ లెక్చరర్లుగా ఉన్నవాళ్ల పేరు వెనకా ప్రొఫెసర్ అన్న తోక చేరింది. మీ అమ్మగారు పదేళ్లుగా అంటున్నది ఆ తోకనే. ‘అసిస్టెంట్’ అన్న ముందుమాట ఊరి నోట్లో నిలవదు. నిలిచేది ప్రొఫెసరే. సగం మాటే అయినా కాగితంలో ఉన్న మాటే.

మూడోది పిలుపు. అంటే మర్యాద. ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. మీ వరండాలో ఎవరైనా ఎవరినైనా ‘ఆచార్యా’ అని పిలవగా విన్నారా? పౌరాణిక నాటకంలో తప్ప వినం. విద్యార్థికి సార్, మేడమ్. పాత ఊళ్లలో మాస్టారు, పంతులుగారు. ‘ప్రొఫెసర్ గారూ’ అని పిలిచేది బయటివాళ్లు, అదీ మొదటి పరిచయంలో. ఇక ‘ఆచార్య’ అసలు నోటిమాట కానే కాదు, అచ్చుమాట. ఆహ్వాన పత్రం, ఫ్లెక్సీ, అభినందన సంచిక, సంతాప వార్త, వీటిలో బతుకుతుంది. వేదిక మీద మైకు పట్టుకున్నవాడి నోట్లో ఒక పావుగంట బతుకుతుంది.

ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయ విశ్వవిద్యాలయానికి 1996లో ఎన్.జి. రంగా గారి పేరు పెట్టినప్పుడు ‘ఆచార్య’ చేర్చారు. 2014లో రాష్ట్రం విడిపోయి తెలంగాణకు వేరే వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు అది ‘ప్రొఫెసర్ జయశంకర్’ పేరుతో వచ్చింది. ఇద్దరూ అర్థశాస్త్రం బోధించినవారే. ఒకరికి ఆచార్య, ఒకరికి ప్రొఫెసర్. ఏది ఎక్కువ గౌరవమని అడిగితే ఏం చెబుతాం? పైగా తెలంగాణలో జనం ఆయన్ని ఈ రెండూ అనరు. జయశంకర్ సార్ అంటారు. ఆ ‘సార్’కి ఏ స్కేలూ లేదు.

తిరుపతిలోని సంస్కృత విశ్వవిద్యాలయంలోనేమో ‘ఆచార్య’ అంటే ఎం.ఏ. స్థాయి డిగ్రీ పేరు. అక్కడ పాసైన పిల్లవాడు పాతికేళ్లు నిండకుండానే ఆచార్య. ఇళ్లల్లో ఆచారిగారు వచ్చారా అంటే తలుపు బిగించడానికి వచ్చిన వడ్రంగో, గొలుసు అతకడానికి వచ్చిన కంసాలిగారో. మాట ఒకటే, ఇంటింటికీ దాని పని వేరు.

ఇంత చెప్పింది మిమ్మల్ని ఓదార్చడానికి మాత్రమే కాదు. ఏ మాట ఎక్కడ ఏ పని చేస్తోందో తెలిస్తే మీ ప్రశ్నలకు జవాబులు మీరే విడదీసుకోగలరని. అదే మాట ఎదుటివాళ్ల నోట్లో ఉంటే మర్యాద. మీ పేరుకు ముందు, మీ సొంత పుస్తకం మీద ఉంటే పదవి. చదివేవాళ్లు అలాగే చదువుతారు. విద్యార్థి సెలవు చీటీలో ‘గౌరవనీయులైన ఆచార్యులు గారికి’ అని రాస్తే దిద్దక్కర్లేదు. మీ ఈమెయిల్ కింద మీరు రాసుకుంటే దిద్దుకోవాలి. మీవారు చెప్పిన మాట మొదటిదానికి సరిపోతుంది. రెండోదానికి సరిపోదు.

పుస్తకానికి వద్దాం. మీ ముందు నాలుగు దారులున్నాయి.

అలాగే వదిలేయడం మొదటిది. ఖర్చు లేదు. మామూలు పాఠకుడు పట్టించుకోడు కూడా. కానీ ఈ పుస్తకం పాఠకుల దగ్గరే ఆగదు. రేపు రెగ్యులర్ పోస్టుకు నోటిఫికేషన్ పడితే మీరు దీన్ని దరఖాస్తుతో జతచేస్తారు. అప్పుడు ఎంపిక కమిటీ బల్ల మీద మీ నియామక పత్రం ఒకటి చెబుతుంది, మీ పుస్తకం అట్ట ఇంకొకటి చెబుతుంది. లోపలి 200 పేజీల పరిశ్రమ పక్కకు పోయి అట్ట మీది మూడక్షరాల గురించి మాట్లాడాల్సి వస్తుంది. మీ మీద అక్కసున్నవాళ్లు ఒక్కరుంటే చాలు.

అట్టలన్నీ చింపి కొత్తవి వేయించడం రెండోది. శుభ్రమైన పనే. ఖర్చు ఎవరిదన్నది తేలాలి. అడక్కుండా చేర్చింది ప్రచురణకర్త, అట్ట ప్రూఫు అడగనిది మీరు. సగం సగం అంటే న్యాయంగానే ఉంటుంది. కానీ బైండింగ్ అయిపోయిన పుస్తకానికి అట్ట పీకి మళ్లీ అతికిస్తే వెన్ను దగ్గర ముడతలు పడతాయి. సభకు నెలే ఉంది. నేనైతే ఈ దారి పట్టను.

మూడోది, లోపల ఒక సవరణ చీటీ పెట్టడం. దాని ధోరణి నాకు నచ్చదు. ‘అట్టపై ఆచార్య అని పొరపాటున పడినది’ అని చీటీ పెడితే, గమనించనివాళ్లకు కూడా చూపించినట్టవుతుంది. పైగా చీటీలు రాలిపోతాయి, అట్ట ఉండిపోతుంది.

నాలుగోది స్టిక్కరు. అట్ట రంగులోనే చిన్న పట్టీ, దాని మీద ‘డాక్టర్’ అని. మీకు పీహెచ్‌డీ ఉంది, ఆ మాటను ఏ గ్రూపులోనూ ఎవరూ ప్రశ్నించలేరు. 500 కాపీలకు ఇద్దరు విద్యార్థులు కూర్చుంటే ఒక ఆదివారం పని. వెనక అట్ట మీది పరిచయంలో మీ అసలు హోదా రాసి ఉంటే చాలు, లేకపోతే అదే పూట అక్కడా ఒక పట్టీ. స్టిక్కరు కనబడుతుంది కదా అంటారేమో. కనబడనివ్వండి. దిద్దుకున్న పుస్తకమని తెలుస్తుంది, అంతే. రెండో ముద్రణకు ఎలాగూ మారుతుంది. నా మొగ్గు దీనివైపు, ఏదన్నా ఖర్చూ పేరూ మీవి.

ప్రొఫెసర్ గారి మాటకొస్తే, ఆయన చేసింది మంచి పని కాదు. మీకు విడిగా ఫోన్ చేసి ‘అమ్మా, అట్ట చూసుకున్నావా’ అని ఉంటే పెద్దరికంగా ఉండేది. అయినా ఆయన ఎత్తిచూపిన తప్పు తప్పే. ఆయన్ని అధ్యక్ష స్థానం నుంచి తప్పిస్తే మీకు కాస్త చల్లబడుతుంది, కానీ డిపార్ట్‌మెంటులో ఆ సంగతి మీ పుస్తకం కన్నా ఎక్కువమంది చదువుతారు. తప్పించకపోతే సభలో ఇంకో చురక పడుతుందేమోనని మీ భయం. మధ్యేమార్గం ఒకటుంది. స్టిక్కరు వేసిన కాపీ ఒకటి ముందే ఆయన గదికి తీసుకెళ్లి ఇవ్వండి. ‘సార్, ప్రచురణకర్త పొరపాటు, దిద్దించాను’ అనండి. అంతకుమించి సంజాయిషీ వద్దు, క్షమాపణ అసలే వద్దు. దిద్దిన పుస్తకం చేతికొచ్చాక ఆ వెటకారం సభలో పండదు. అయినా అన్నాడంటే వినేవాళ్లకు ఆయనే చిన్నగా కనిపిస్తాడు. గ్రూపులోకి మాత్రం మళ్లీ చేరండి. సెలవులూ పరీక్షల డ్యూటీలూ అందులోనే వస్తాయి, అలిగి కూర్చుంటే మీకే ఇబ్బంది.

ఆడవాళ్లను ఏమనాలన్న ప్రశ్నకు పాత సంస్కృత నిఘంటువు అమరకోశం ఎప్పుడో జవాబు చెప్పింది. తానే బోధించే స్త్రీ ‘ఆచార్యా’. ఆచార్యుడి భార్య ‘ఆచార్యానీ’. చూశారా, పాఠం చెప్పే ఆవిడకూ, పాఠం చెప్పేవాడి ఇంటావిడకూ వేర్వేరు మాటలు పెట్టుకోవాల్సిన అవసరం అప్పటికే వచ్చింది. ‘ఆచార్యిణి’ రెండింటిలోనూ లేదు. ఎవరో అధ్యాపకుడి పక్కన అధ్యాపకురాలు ఉంది కదా, దీనికీ ఒకటి కావాలని అతికించిన తోక అది. తెలుగులో మనకు ఆ అవస్థ కూడా లేదు. మనం ద్రోణుణ్ని ఆచార్యుడు అంటాం గానీ, బతికున్న మనిషి గురించి గౌరవంగా చెప్పేటప్పుడు అలా అనం. ఒక్కరే ఉన్నా ‘ఆచార్యులు’. ఆ బహువచనంలో ఆడా మగా తేడా లేదు. ‘చరిత్ర శాఖ ఆచార్యులు వచ్చారు’ అంటే ఎవరు వచ్చారో తలుపు తీసి చూడాల్సిందే. రేపు మీకు ఆ పదవి వచ్చినప్పుడు ఆ మాట అలాగే వాడుకోండి. ఇప్పుడు కావాలంటే ‘సహాయాచార్యులు’ అదే పద్ధతిలో మీకు సరిపోతుంది. కంపోజిటర్ చేతికి ఇచ్చేటప్పుడు ఆ ‘యా’ కింద గీత గీసి ఇవ్వండి.

మీరు అడగని సంగతి ఒకటి చెబుతాను, మీకు నిజంగా డబ్బులు తెచ్చేది ఇదే. హోదా పేరు అసలు లెక్కకొచ్చేది అట్ట మీద కాదు, అనుభవ ధ్రువపత్రంలో. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం కాంట్రాక్టు మీద చేసిన సర్వీసు తర్వాతి నియామకానికీ పదోన్నతికీ లెక్కకు రావచ్చు గానీ షరతులున్నాయి: చేరేనాటికి రెగ్యులర్ పోస్టుకు కావాల్సిన అర్హతలే ఉండాలి, సరైన ఎంపిక కమిటీ ద్వారా వచ్చి ఉండాలి, అందుకున్న మొత్తం జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ నెల జీతానికి తగ్గకూడదు. చాలామంది కాంట్రాక్టువాళ్ల కాళ్లు పట్టి లాగేది ఆ మూడోదే. కాబట్టి 11 ఏళ్ల ఉత్తర్వులూ, జీతం చీటీలూ, ఎంపిక కమిటీ జరిగిన తేదీలూ ఒక్క ఫైల్లో పెట్టుకోండి. ఏ ఏడాది కాగితంలో మీ హోదా ఎలా రాశారో ఒక్కోటీ చూసుకోండి. ‘గెస్ట్ ఫ్యాకల్టీ’ అని ఒక ఏడూ, ‘అకడమిక్ కన్సల్టెంట్’ అని ఇంకో ఏడూ ఉంటుంది, తీరా అడిగిన రోజున ఎవరికీ గుర్తుండదు. మార్పించుకోవాల్సినవి ఉంటే ఇప్పుడే రిజిస్ట్రార్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. వాట్సాప్‌లో పోయిన నిద్రలో సగం దీనికి ఖర్చుపెట్టినా లాభమే.

ఇక అమ్మగారు. ‘అమ్మా, ప్రొఫెసర్ అంటే అది కాదు, మూడు మెట్లుంటాయి, నేను కింది మెట్టు మీద, అదీ కాంట్రాక్టు’ అని కూర్చోబెట్టి చెప్పొచ్చు. ఆవిడ వింటారు, రెండు రోజులు దిగులుపడతారు, మూడో రోజు పక్కింటావిడతో మళ్లీ మా అమ్మాయి ప్రొఫెసరే అంటారు. చెప్పకుండా వదిలేయొచ్చు కూడా. ఊళ్లో ఎవరూ ఆ మాట చూసి మీకు పోస్టు ఇవ్వబోవడం లేదు, ఎవరి పోస్టూ మీరు లాక్కోవడం లేదు. ఒక్కచోట మాత్రం జాగ్రత్తపడండి: ఆ మాట పట్టుకుని ఎవరైనా తమ పిల్లాడికి సీటు ఇప్పించమనో, ఉద్యోగం వేయించమనో మీ ఇంటికొస్తే, అప్పుడు మాత్రం ఉన్న హోదా ఉన్నట్టు చెప్పేయండి, అమ్మగారి ముందైనా సరే.

స్టిక్కర్లు అంటించే ఆదివారం ఒక కాపీ పక్కన పెట్టండి, దానికి అంటించొద్దు. అది అమ్మగారికి ఇవ్వండి. ఆవిడ దాన్ని ఏ కమిటీకీ పంపరు.